పది అడుగులు వెనక్కి

కల్తీ ఇనుములో ఏం లెక్క చూస్తావని మా పెద్దబాపు అడిగిన నాడు నా దగ్గర సమాధానం లేకపోలేదు. పుస్తకంలో చదువుకున్నదే ఉంది. చెప్పబోయి ఆగాను. అది నాకు అర్థమై చెబుతున్న మాటా, పరీక్షకు వల్లెవేసిన మాటా అన్నది నోరు తెరిచాక కూడా తేలలేదు.

సూరత్‌లోని సలాబత్‌పురాలో పుట్టాను. తాతలది సిరిసిల్ల. చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో సాంచాల (మరమగ్గాల) మీద పని వెతుక్కుంటూ గుజరాత్ చేరిన పద్మశాలి ఇళ్లలో మాదొకటి. నగరపాలిక నడిపే తెలుగు మాధ్యమం బళ్లో అక్షరాలు దిద్ది, వీధిలో హిందీ, గుజరాతీ, ఉర్దూ కలిపి మాట్లాడుతూ పెరిగాను. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు చేరే సరుకు మా సందుల్లోంచే మూటలుగా వెళ్లేది. మా బాపు సాంచాలు నడిపేవాడు. పెద్దబాపు వయసు మీద పడ్డాక సాంచా దిగి, గ్రే బట్ట (రంగు ఎక్కని బట్ట) తాకాలను, అంటే తానులను, చెకింగ్ చేసే పనిలో కుదిరాడు.

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నా సంచిలో ఒక కాగితపు కవరు, అందులో కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న లోహపు రిబ్బన్ ముక్క ఉన్నాయి. కరిగిన లోహాన్ని వేగంగా తిరిగే రాగి చక్రం మీదికి చిమ్మితే సెకనుకు పది లక్షల డిగ్రీల చొప్పున చల్లారుతుంది. అణువులు వరుసల్లో సర్దుకునే వ్యవధి ఉండదు. ద్రవంలో ఎక్కడివక్కడ ఎలా ఉన్నాయో అలాగే బిగుసుకుంటాయి. దాన్నే అస్ఫటిక లోహం అంటారు. మొదటిది 1960లో అమెరికాలోని కాల్‌టెక్‌లో బంగారం, సిలికాన్ కలిపి చేశారు. నా ముక్క ఇనుము, జిర్కోనియంలది.

పెద్దబాపు దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు.

"ఇదేంది బిడ్డా, జరా?"

"జరి కాదు పెద్దబాపూ, ఇనుము. ఇంకో లోహం కలిపిన్రు."

"అంటే కల్తీ ఇనుము."

"అట్లనే అనుకో."

"కల్తీ దాంట్ల ఏం లెక్క దొరుకుతది? సక్కగున్న ఇనుముల జూడరాదు?"

నన్ను ఆపింది ఈ ప్రశ్నే. ఎగతాళికి అడిగింది కాదు. నూలు నాసిరకమైతే బట్ట మీద ఏ లెక్కా నిలవదని బతుకంతా చూసినవాడు అడిగిన ప్రశ్న.

చక్కగా ఉన్న ఇనుములో చూడాల్సిన లెక్క ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఇనుమును వేడి చేస్తూ పోతే 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని అయస్కాంతత్వం పోతుంది. ఇలా ప్రతి అయస్కాంత పదార్థానికీ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. 1895లో పియరీ క్యూరీ చేసిన పరిశోధన కారణంగా దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటున్నాం. అయస్కాంతత్వం పోవడం కన్నా పోయే తీరు ఆసక్తికరం. ఆ బిందువును సమీపించేకొద్దీ అయస్కాంతత్వం ఒక ఘాత నియమం ప్రకారం సున్నాకు దిగుతుంది. ఆ ఘాతాంకాన్ని బీటా అంటారు. ప్రతి అణువూ మిగతా అన్నింటి సగటుకు తలొగ్గుతుందనుకుని 1907లో పియరీ వైస్ కట్టిన సిద్ధాంతం ప్రకారం బీటా విలువ సగం. కొలిచి చూస్తే మూడో వంతుకు కాస్త అటూ ఇటూ వస్తుంది. స్పిన్‌లు (అణువుల్లోని చిట్టి అయస్కాంతాలు) పైకీ కిందికీ మాత్రమే తిరగగల ఐసింగ్ తరహా పదార్థాల్లో 0.326, ఎటైనా తిరగగల హైజెన్‌బర్గ్ తరహా పదార్థాల్లో 0.365. ఈ సంఖ్యలకు పదార్థం పేరుతో పనిలేదు. ఎన్ని పరిమాణాల్లో ఉంది, స్పిన్‌కు ఎన్ని దిక్కులున్నాయి, ఈ రెండే చాలు. ఎందుకలా అన్నది కెన్నెత్ విల్సన్ 1971లో విప్పి చెప్పాడు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

కానీ ఇదంతా అణువులు బారులు తీరి నిలబడ్డ స్ఫటికం గురించి. అణువులు చిందరవందరగా ఉంటే? ఒకచోట ఇనుము చిక్కగా, పక్కనే పలచగా ఉంటే? చిక్కటి చోటు ఒక ఉష్ణోగ్రత దగ్గర, పలచని చోటు మరో ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంతత్వం వదులుకోవాలి కదా. అప్పుడు పదునైన బిందువు ఎక్కడిది? మొత్తం మార్పు ఒక విశాలమైన మసకలో అలుక్కుపోవాలి. ఒకప్పుడు చాలామంది భౌతిక శాస్త్రవేత్తలూ ఇలాగే అనుకున్నారు. పెద్దబాపు అడిగింది కూడా ఇంతకన్నా వేరు కాదు.

నా సంచిలో ఆ రిబ్బన్‌తో పాటు ఒక వ్యాసం నకలు కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎస్.ఎన్. కౌల్ 1985లో 'జర్నల్ ఆఫ్ మాగ్నెటిజం అండ్ మాగ్నెటిక్ మెటీరియల్స్'లో రాసిన సుదీర్ఘ సమీక్ష. అక్రమత, అంటే అణువుల చిందరవందర, గడ్డకట్టిన ఫెర్రో అయస్కాంతాలు క్యూరీ బిందువు దగ్గర ఎలా ప్రవర్తిస్తాయన్నది దాని విషయం. ఆయన, ఆయన విద్యార్థులు ఏళ్ల తరబడి ఇనుము-జిర్కోనియం, ఇనుము-కోబాల్ట్-జిర్కోనియం వంటి రిబ్బన్లను కొలిచారు. నూటికి తొంభై పాళ్లు ఇనుమే ఉన్న ఆ మిశ్రమం క్యూరీ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి దిగిపోతుంది. శుద్ధమైన ఇనుముకు 770 అని గుర్తు చేసుకుంటే, పది పాళ్ల పరాయి లోహం, దానికి తోడు వరుస చెదరడం ఎంత పని చేశాయో తెలుస్తుంది. ఇంత చెదిరినచోట ఘాతాంకం మాత్రం చెదరలేదు. క్యూరీ బిందువుకు తగినంత దగ్గరగా కొలిస్తే మూడు పరిమాణాల హైజెన్‌బర్గ్ విలువలే, క్రమమైన స్ఫటికానికి చెప్పిన విలువలే వచ్చాయి.

ఈ కొలత ఎలా చేస్తారో ఒక మాట చెప్పాలి. అయస్కాంతత్వాన్ని ఉష్ణోగ్రతతో అది మారే రేటుతో భాగిస్తే, గ్రాఫు మీద సరళరేఖ వస్తుంది. రేఖ ఉష్ణోగ్రత అక్షాన్ని తాకిన చోటే క్యూరీ బిందువు. వాలులో ఘాతాంకం ఉంటుంది. 1964లో కూవెల్, ఫిషర్ నికెల్ మీద ఈ పద్ధతి వాడారు. ముందుగా బిందువును ఊహించుకుని ఘాతాంకం వెతకనక్కర్లేకుండా ఒకే రేఖ రెంటినీ ఇస్తుంది. నాకు ఇంతకన్నా నిజాయితీ గల గ్రాఫు మరొకటి కనబడలేదు, ఇప్పటికీ.

ఆ సెలవుల్లో నన్ను నిద్ర పోనీయనిది వ్యాసంలోని మరో విషయం. బిందువుకు పైన, అయస్కాంత గ్రహణశీలతకు (బయటి అయస్కాంత క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే కొలతకు) గామా అనే ఇంకో ఘాతాంకం ఉంది. స్ఫటిక నికెల్‌లో బిందువు నుంచి దూరం జరిగేకొద్దీ గామా నిదానంగా 1 వైపు దిగుతుంది. అస్ఫటిక లోహంలో ముందు పెరిగి, ఒక శిఖరం దాటి, ఎంతో దూరం పోయాక గానీ దిగదు. అంటే రెంటికీ తేడా దూరంగా ఉన్నప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. దగ్గరికి వెళ్తే మాయమవుతోంది. లోపాలనేవి దూరం నుంచి కనబడవు, దగ్గరికి వెళ్లి చూస్తేనే కనబడతాయి అన్నది మనందరి అనుభవం కదా. ఇక్కడ అంతా తిరగబడింది. సమీకరణాలు ఒప్పుకుంటున్నాయి, కొలతలు ఒప్పుకుంటున్నాయి, నా మనసు ఒప్పుకోవడం లేదు. అర్థమైందని ఎప్పుడు అనాలి? లెక్క కుదిరినప్పుడా, మనసు కుదిరినప్పుడా? అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పుడైనా తేల్చుకున్నానని గట్టిగా అనలేను.

మరో రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా ఇవ్వడానికి పెద్దబాపు పనిచేసే చోటికి వెళ్లాను. తాకాను పై కర్ర మీంచి కిందికి జార్చి, ముక్కు ఆనేంత దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఒక పోగు తెగినచోట సుద్దతో గుర్తు పెట్టాడు. ఆ తర్వాత గబగబా వెనక్కి నడిచి, ఎదుటి గోడకు వీపు ఆనించి, కళ్లు చికిలించి అదే బట్టను మళ్లీ చూశాడు.

"అంత దూరం పోతే ఏం కనవడ్తది?" అన్నాను.

"దగ్గర నిలవడితె పోగు తప్పు కనవడ్తది. పది అడుగులు ఎనకకు పోతె పోగు ఆగం కనవడది, పట్టీ కనవడ్తది. నూలు లాట్ మారిందనుకో, ఒక్కొక్క పోగు వట్టి సూస్తె అన్నీ మంచిగనే ఉంటయి. రంగు ఎక్కినంక అడ్డంగ పట్టీ లెక్క దేల్తది. అప్పుడు శేఠు తాకా మొత్తం ఎనకకు పంపుతడు."

కొన్ని తప్పులు దూరానికి కరిగిపోతాయి, కొన్ని దూరానికే తేలతాయి. నేను అంతవరకు ఉష్ణోగ్రతలో దగ్గరికి వెళ్లడాన్ని, దూరంలో దగ్గరికి వెళ్లడంలాగే ఊహించుకుంటున్నాను. క్యూరీ బిందువు దగ్గర జరిగేది దానికి విరుద్ధం. బిందువుకు ఉష్ణోగ్రత ఎంత చేరువైతే, ఒకదాని మాట ఒకటి వినే స్పిన్‌ల గుంపులు అంత పెద్దవవుతాయి. ఆ గుంపు పొడవునే సహసంబంధ దైర్ఘ్యం అంటారు. బిందువుకు దూరంగా ఉంటే గుంపులో పిడికెడు అణువులు. చేరువైతే వేలు, లక్షలు. పదార్థం తనను తాను చూసుకునే కొలబద్ద అది. ఉష్ణోగ్రతలో ఒక అడుగు దగ్గరకు జరిగామంటే, దూరంలో పది అడుగులు వెనక్కి నడిచామన్నమాట. శిఖరం దగ్గర కనిపించిన ఆ గామా తేడా, గుంపులు చిన్నవిగా ఉన్నప్పుడు కనిపించే పోగు తప్పు.

మరి అన్ని తప్పులూ కరిగిపోతాయా? దీనికి 1974లో ఎ.బి. హ్యారిస్ చెప్పిన జవాబు ఎంత చిన్నదో అంత లోతైనది. ఒక్కో గుంపులో చేరిన మలినాల సగటు గుంపుకూ గుంపుకూ కాస్త మారుతుంది. అందుకని ఒక్కో గుంపు క్యూరీ బిందువు కూడా కాస్త మారుతుంది. గుంపు పెద్దదయ్యేకొద్దీ సగటు కుదురుకుని ఆ తేడా తగ్గుతుంది. కానీ మనం అసలు బిందువుకు ఎంత దూరంలో ఉన్నామో, ఆ దూరం కూడా తగ్గుతూనే ఉంది కదా. రెంటిలో ఏది ముందు తగ్గుతుంది? సగటులోని తేడా ముందు తగ్గితే అక్రమత లేనట్టే లెక్క. అది వెనకబడితే, ఎంత కొంచెం అక్రమతైనా చివరికి గుంపుల తేడాయే పైచేయి సాధిస్తుంది.

ఈ పందెం ఫలితం ఒక గుణకారంలో తేలుతుంది. గుంపు పెరిగే వేగానికి న్యూ అనే ఘాతాంకం ఉంది. దాన్ని పరిమాణాల సంఖ్యతో గుణించాలి. ఫలితం 2 కన్నా ఎక్కువైతే అక్రమత ఓడుతుంది. హైజెన్‌బర్గ్ పదార్థాల్లో న్యూ 0.711. మూడుతో గుణిస్తే 2.13. కౌల్ బృందం కొలిచిన రిబ్బన్లలో ఘాతాంకం చెదరకపోవడానికి హ్యారిస్ లెక్క ప్రకారం ఇదే కారణం. ఐసింగ్ పదార్థాల్లో న్యూ 0.630. మూడుతో గుణిస్తే 1.89. గీతకు ఇవతలే. అక్కడ అక్రమత గెలవాలి.

గెలిచింది కూడా. ఐరన్ ఫ్లోరైడ్ ఐసింగ్ తరహా స్ఫటికం. అందులో కొన్ని ఇనుము అణువుల స్థానంలో అయస్కాంతత్వం లేని జింకు అణువులు పెట్టి 1980లలో న్యూట్రాన్లతో పరీక్షించారు. మార్పు మసకబారలేదు, పదునుగానే ఉంది. ఘాతాంకాలు మాత్రం మారాయి. న్యూ 0.7 దరిదాపులకు పెరిగింది. సిద్ధాంతం, కంప్యూటర్ లెక్కలు చెప్పే విలువ 0.68. మూడుతో గుణిస్తే 2.04. అంటే అక్రమత వల్ల పాత నియమం కూలినచోట వచ్చిన కొత్త నియమం, ఇక అక్రమతకు చలించని గట్టు మీద నిలబడింది. ఇది యాదృచ్ఛికం కాదు. అక్రమ వ్యవస్థల్లో ఆ గుణకారం 2కు తగ్గదని చేయస్ దంపతులు, వారి సహచరులు 1986లో గణితపరంగా నిరూపించారు.

ఇక్కడే నేను చాలాకాలం తచ్చాడాను. పెద్దబాపు ప్రశ్నకు, నా మొదటి భయానికి అడుగున ఉన్న ఊహ ఒక్కటే: కల్తీ ఎంత? ఎక్కువ కల్తీ అయితే ఎక్కువ చెడుగు, తక్కువైతే తక్కువ చెడుగు. హ్యారిస్ లెక్కలో ఆ 'ఎంత' అన్నదే లేదు. 2.13 అయినచోట అక్రమత బోలెడంత ఉన్నా చివర దగ్గర కనబడదు. 1.89 అయినచోట చిటికెడు ఉన్నా, దగ్గరికి పోయేకొద్దీ పెరిగి పెద్దదవుతుంది. చూడాల్సింది మలినాన్ని కాదు, మలినం లేనప్పుడు ఆ పదార్థం ఎలాంటిదో దాన్ని. శుద్ధ పదార్థపు స్వభావమే తన అక్రమత భవితవ్యాన్ని ముందే నిర్ణయించి పెట్టుకుంది. పరిచయం లేని దేన్ని చూసినా ముందు కలుషితం ఎంత అని కొలిచే అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఈ సంఖ్యల ముందు అది నిలవదు.

సలాబత్‌పురాలో తెలుగువాళ్లం గుజరాతీ, మరాఠీ, ఒడియా, ఉర్దూ మాట్లాడే ఇళ్ల మధ్య పలచగా చల్లినట్టు ఉంటాం. ఇక్కడ ఆ పోలిక కలం చివరి దాకా వస్తుంది. నేను రాయను. స్పిన్‌కు ఇల్లు మారాలన్న కోరిక ఉండదు, అద్దె పెరగదు, పిల్లల్ని ఏ మాధ్యమంలో చేర్చాలా అని రాత్రి మేలుకుని ఆలోచించదు.

భౌతికంలోనే ఉండిపోదాం. కౌల్ బృందం ఫలితాల్లో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఘాతాంకం కాదు. ఆ రిబ్బన్లలో క్యూరీ బిందువు దగ్గర జరిగే మార్పులో నిజంగా పాల్గొనేది మొత్తం అయస్కాంత భ్రామకాల్లో చిన్న భాగమేనన్న నిర్ధారణ. పదార్థమంతటా అల్లుకున్న ఒక జాలం, దాని మధ్య విడివిడి దీవుల్లా కొన్ని గుంపులు. మార్పును మోసేది ఆ జాలం. గుంపులు తమ లోకంలో తాముంటాయి. మొత్తం నమూనాను కొలిచామని మనం అనుకుంటాం. ఆ పదునైన రేఖ చెబుతున్నది అందులో కొందరి కథే.

హ్యారిస్ లెక్క దాటి పోయే అక్రమత కూడా ఉంది. అణువుల మధ్య కొన్ని బంధాలు ఒకే దిక్కుకు తిరగమని, మరికొన్ని ఎదురు తిరగమని అంటే, ఏ అమరికా అందరినీ తృప్తి పరచలేదు. బంగారంలో కొద్ది పాళ్లు ఇనుము కలిపితే ఇదే జరుగుతుంది. అందులోని పదునైన మార్పును 1972లో కనెల్లా, మైడోష్ కొలతల్లో పట్టుకున్నారు. 1975లో ఎడ్వర్డ్స్, ఆండర్సన్ దానికి సిద్ధాంతం మొదలుపెట్టారు. ఆ దారిలో 1979లో పరీసీ కనుగొన్న పరిష్కారం 2021లో ఆయన నోబెల్ బహుమతిలో భాగమైంది. వాటిని స్పిన్ గ్లాసులంటారు. నా చేతిలోని ఇనుము-జిర్కోనియం రిబ్బన్‌ను కూడా క్యూరీ బిందువు దాటి ఇంకా చల్లబరుస్తూ పోతే, క్రమం చూపిన ఆ పదార్థమే మళ్లీ స్పిన్ గ్లాసు లక్షణాల్లోకి జారుతుంది. ఇది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

పట్టీ సంగతి మాత్రం వదలలేను. పోగు తప్పు ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు ఉండదు. హ్యారిస్ లెక్క అలాంటి అక్రమతకే. లాట్ మారితే వచ్చే పట్టీ అలా కాదు, ఒక వరుస పొడుగునా ఒకే తప్పు. మెక్కాయ్, వు అనే ఇద్దరు 1968లోనే రెండు పరిమాణాల ఐసింగ్ నమూనాలో సరిగ్గా దీన్నే లెక్కించారు. వరుసకూ వరుసకూ బంధాల బలం మారుతుంది, ఒక వరుసలో మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే. 1944లో ఆన్‌సాగర్ శుద్ధ నమూనాకు సాధించిన పరిష్కారంలో విశిష్టోష్ణం బిందువు దగ్గర అనంతానికి లేస్తుంది. ఈ పట్టీల నమూనాలో ఆ శిఖరమే లేదు. 1983లో వైన్‌రిబ్, హాల్పెరిన్ దీన్ని ఇంకా విస్తరించారు. తప్పుల మధ్య పొత్తు దూరాలకు పాకే కొద్దీ అక్రమత గెలిచే అవకాశం పెరుగుతుంది. హైజెన్‌బర్గ్ పదార్థానికి కూడా అప్పుడు 2.13 రక్షణ ఉంటుందన్న హామీ లేదు.

ఆ మధ్యాహ్నం తర్వాత ఎన్నో ఏళ్లు గడిచాయి. ఇప్పుడు నేను పాఠం చెబుతున్నాను. విద్యార్థులు రిబ్బన్ తెచ్చినప్పుడు హ్యారిస్ లెక్క రాసి, 2.13 చూపించి, అక్రమత ఓడిపోతుందని చెబుతుంటే ఒక అనుమానం వెంటాడుతుంది. చక్రాన్ని తాకిన వైపు మసకగా, గాలి తగిలిన వైపు మెరుస్తూ ఉండే ఈ రిబ్బన్‌లో రెండు వైపులూ చల్లారిన వేగం ఒకటి కాదు. పోత మొదలైనప్పటి చివర, ముగిసినప్పటి చివర ఒకే తీరున ఉన్నాయని ఎవరు చూశారు? ఇందులో అక్రమత విడివిడి పోగు తప్పులేనని మనం అనుకున్నామే తప్ప కొలవలేదు. అందుకని నమూనా కోసే ముందు, ముక్క రిబ్బన్ ఏ చివర నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గరిదో, ఏ వైపు పైకి పెట్టామో నోటుపుస్తకంలో రాసి, రెండు చివర్ల ముక్కలకూ క్యూరీ బిందువు విడివిడిగా కొలవమంటున్నాను. రెండూ కలిసినప్పుడే ఘాతాంకం మాట ఎత్తుతున్నాం.